పనికొస్తాయేమో

మా అత్తగారికి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. నాలుగువందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక నక్షత్రానికి ఒంటి మీద ఎక్కడెక్కడ మచ్చలున్నాయో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఆ వానాకాలం ఆవిడ నిజంగానే కళ్ళు మూసుకోవలసి వచ్చింది. నా ఖర్మ అక్కడ మొదలైంది.

ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఆరు వారాలు కంప్యూటరు తెరకేసి చూడకూడదని డాక్టరు చెబితే, "నేను చూడను సరే, అంతవరకూ నక్షత్రం ఆగుతుందా?" అని ఆవిడ ఆయన్నే నిలదీశారు. డాక్టరుకి జవాబు తోచలేదు. పాపం ఆయనకి ఒక్క రోజే తోచలేదు. మా ఆయనకి నలభై ఎనిమిదేళ్ళుగా తోచడం లేదు.

ఆవిడ వేధశాలలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ మర్నాడే మా మేడమీద గదిని ఆక్రమించారు. ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న గది అదొక్కటే. అంతకన్నా ముఖ్యం, దానికి తలుపుంది. మా వంటింటికి తలుపు లేదు. హాలుకి ఒక పరదా ఉంది, అదీ సగమే. పడగ్గదికి తలుపుంది గానీ, ఇంట్లో ఎవరికి ఏ వస్తువు కావాలన్నా ఆ గదిలోని బీరువాల్లోనే ఉంటుంది.

"ఆ గది నాకు కావాలి అత్తయ్యా" అని ఏడేళ్ళుగా అంటున్నాను.

"ఏం చేసుకుంటావే అక్కడ?"

"తలుపు వేసుకుంటాను."

"వేసుకుని?"

"వేసుకుని ఏముంది? అంతే."

ఆవిడకి అర్థమయ్యేది కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు వేసుకున్న మనిషికి ఎలా అర్థమవుతుంది?

ఇంతకీ ఆ నక్షత్రం పసిదట. వయసు రెండుకోట్ల ఏళ్ళు. నేను పక్కున నవ్వితే, "మన సూర్యుడికి నాలుగువందల అరవై కోట్లు. లెక్కేసుకో. ఇది ఇంకా ఉయ్యాల్లో పిల్ల" అన్నారు. పిల్ల కాబట్టి నిలకడ లేదు. గిర్రున తిరుగుతుంది. ఒళ్ళంతా మచ్చలు. మచ్చలున్న పక్క మనవైపు తిరిగితే వెలుగు తగ్గుతుంది, పక్కకి పోతే పెరుగుతుంది. మధ్యమధ్య ఏం తోస్తుందో ఏమో, భగ్గున మండిపడుతుంది. అలాంటి దాని ముందునుంచి ఒక గ్రహం అడ్డంగా నడిచిపోతే, వెలుగు నూటికి ఒక పాలు తగ్గుతుందట. గుక్కపట్టి ఏడ్చే పిల్ల మధ్యలో ఒక్కసారి ముక్కు ఎగబీల్చిందా లేదా అని కనిపెట్టడం లాంటి పని అది.

రెండేళ్ళ కిందట ఒక ఉపగ్రహం పంపిన లెక్కల్లో ఆవిడకి వెలుగు అలా తగ్గిన పల్లాలు రెండు, పందొమ్మిది రోజుల ఎడంతో కనబడ్డాయి. గ్రహం అన్నారు ఆవిడ. మచ్చ అన్నాడు వేధశాల డైరెక్టరు. ఈ డైరెక్టరు ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ ఇలాగే ఇంకో పసినక్షత్రానికి గ్రహం ఉందని ప్రకటిస్తే, అది ఒట్టి మచ్చేనని నిరూపించి పేరు తెచ్చుకున్నవాడు. ఆ దెబ్బతో వేధశాలలో ఆవిడకి 'మచ్చమ్మ' అని పేరు పడిపోయింది. రిటైరైన రోజు సన్మానసభలో కూడా ఎవరో నోరు జారారట.

మచ్చలు పుడతాయి, పోతాయి. గ్రహం వేళ తప్పదు. ఉపగ్రహం ఈసారి మళ్ళీ అటు తిరిగి, నెల్లాళ్ళపాటు ఆ నక్షత్రాన్నే చూసింది. మూడో పల్లం ఏ రోజు ఏ వేళకి రావాలో అత్తగారు ముందే లెక్కకట్టి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మా ఆయన చేతికిచ్చారు. నాకు చూపించలేదు. "నీకు తెలిస్తే నీ చెయ్యి అటే పోతుంది" అన్నారు. పల్లం గనక ఆ వేళకి వచ్చి ఉంటే, సముద్రాల అవతల కొండ మీదున్న పెద్ద టెలిస్కోపుతో ఇరవై రోజులు, రోజుకో గంట, ఆ గ్రహాన్ని తూచుకునే వీలు కల్పిస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. వానలు వెనకబట్టేసరికి నక్షత్రం సూర్యుడి వెనక్కి వెళ్ళిపోతుంది. ఈలోపే తేలాలి.

"రాకపోతే?" అన్నాను.

"రాకపోతే ఇక కంప్యూటరు ముట్టను. ఆ గది నువ్వే తీసుకుని, ఆ తలుపేదో వేసుకో."

మా ఆయన కవరు పట్టుకుని తల ఊపారు. ఆయన ఒకేసారి రెండు పక్షాలకీ తల ఊపగలరు.

అంటే, ఆవిడ ఓడితే గది నాది. ఆవిడ గెలవడానికి కళ్ళు మాత్రం నావి. ఈ ఏర్పాటులో ఏదో తిరకాసుందని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ ఒక కోరికుందన్న సంగతి వాళ్ళకి గుర్తుంటే కదా!

*

నల్లకళ్ళజోడు పెట్టుకుని పడక్కుర్చీలో ఆవిడ, కంప్యూటరు ముందు ముక్కాలిపీట మీద నేను. తెర మీద నక్షత్రం వెలుగు, పది నిమిషాలకో చుక్క చొప్పున రోజుకి నూటనలభై నాలుగు చుక్కలు. అలాంటివి ఇరవై ఏడు రోజులవి.

"అమ్మాయ్, కోసుగా పైకి లేచినవి చూడు. అవి మంటలు. తీసెయ్."

"ఇదంతా ప్రోగ్రామే చేస్తుందటగా?"

"పసినక్షత్రాన్ని దాని చేతికిస్తే మచ్చనీ మంటనీ గ్రహాన్నీ కలిపి ఇస్త్రీ చేసి పారేస్తుంది. కొన్నిటిని మిషన్లో వెయ్యకూడదే, చేత్తో ఉతకాలి."

జన్మలో చేతిరుమాలు ఉతికి ఎరగని మనిషి ఈ మాట అంటుంటే నేను మేడమీద ఆరని బట్టలకేసి చూశాను. ఆ గదిలో మూల నుంచి మూలకి తాడు కట్టి ఉంది. వాన రోజుల్లో ఆవిడ విశ్వరహస్యాలు మా దుప్పట్ల మధ్యనే తేలాలి.

"ఒక్కోసారి ఉపగ్రహం ఒళ్ళు విరుచుకుంటుంది. ఆ కుదుపుకి చుక్కలు గుంపుగా కింద పడతాయి. అలా కనిపిస్తే మాత్రం నన్నడుగు. ఉంచాలో తియ్యాలో నేను చెబుతా."

మొదటిసారి అడిగాను. ఎన్ని చుక్కలు, ఎంత లోతు, అంచులు నిటారా వాలా అని ఆరా తీసి, అరగంట ఉపన్యాసం చెప్పి, "కుదుపే, తీసెయ్" అన్నారు. కింద పాలు పొంగిపోయాయి. రెండోసారీ అడిగాను. ముప్పావుగంట. కుదుపే. మూడోసారి అడిగినప్పుడు ఉపగ్రహానికి కుదుపులెందుకొస్తాయో దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పారు. అదీ కుదుపే. అన్నం అడుగంటింది.

నాలుగోసారి గుంపు కనబడినప్పుడు ఆవిడ కళ్ళలో చుక్కలమందు వేసుకుని వెనక్కి వాలి ఉన్నారు. సరిగ్గా అప్పుడే, మూడు రోజులుగా 'ఇదిగో వస్తున్నా' అంటూ ఊరిస్తున్న ప్లంబరు కింద నుంచి కేకేశాడు.

"అమ్మా! మెయిన్ వాల్వు ఎక్కడండీ? నీళ్ళు హాల్లోకొచ్చేస్తున్నాయి!"

గుంపుని ఒక్క ఊపున ఎత్తేసి పరిగెత్తాను.

ఎత్తేశానంటే పారేశానని కాదు. నేను దేన్నీ పారెయ్యను. వంటింట్లో నాకో సొరుగుంది. ప్లాస్టిక్ కవర్లు, మూతలు, గుండీలు, దేనివో తెలియని తాళంచెవులు, అన్నీ అందులోకే. ఇంట్లోవాళ్ళు దానికి 'పనికొస్తాయేమో' అని పేరు పెట్టి నవ్వుకుంటారు. కంప్యూటర్లో కూడా, తీసిన చుక్కలన్నీ వెయ్యడానికి ఒక ఫైలు తెరిచి అదే పేరు పెట్టుకున్నాను.

ఆ తరవాత గంటగంటకీ సగటు కట్టి నోటుబుక్కులో ఎక్కించడం నా పనే. గుంపులు తీసేసిన చోట గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. ఉతికి మడతపెట్టిన చీర మధ్యలో చిరుగులా ఉన్నాయి. డిగ్రీలో లెక్కలు చదువుకున్నదాన్ని, ఇంతమాత్రం చెయ్యలేనా అని, అటూ ఇటూ ఉన్న అంకెల్నిబట్టి ఆ గళ్ళన్నీ పెన్సిలుతో నింపేశాను. పుస్తకం చూడముచ్చటగా తయారైంది.

*

చదివే రోజు మా ఆయన సెలవు పెట్టారు. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నారు. ఒకటో తారీఖు నుంచి మొదలుపెట్టి గంటకో అంకె చదువుకుంటూ పోయాను. ఆవిడ చూపుడువేలు కుర్చీ చేతి మీద, నా గొంతుతోపాటు, అల మీద పడవలా లేస్తూ దిగుతూ ఉంది.

ఒకచోట వేలు ఆగిపోయింది.

"ఆ పేజీ ఇంకోసారి చదువు."

చదివాను.

"ఇంకోసారి."

"ఎన్నిసార్లు చదివినా అవే ఉంటాయి అత్తయ్యా."

"...సరే. ముందుకెళ్ళు."

చివరిదాకా చదివాను. మధ్యాహ్నం డైరెక్టరే ఫోన్ చేశాడు.

"మా ప్రోగ్రాముకి కూడా ఏం తగల్లేదు మేడమ్. మచ్చలంతే. మీరు మనసు కష్టపెట్టుకోకండి."

"నా మనసు సంగతి నీకెందుకు నాయనా? నీ టెలిస్కోపు తడవకుండా చూసుకో."

ఫోను పెట్టేసి, మా ఆయన కవరు తియ్యబోతుంటే, "ఇంకెందుకురా అది, పారెయ్" అన్నారు. సాయంత్రానికల్లా ఆవిడ పుస్తకాలు మెట్లు దిగాయి. ఒక్కో మెట్టూ తడుముకుంటూ ఆవిడా దిగారు. గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "మాటంటే మాటే" అన్నారు.

గది వచ్చింది. గదితోపాటు రాబోయే ఉపద్రవం నేను ఊహించలేదు. పని లేని అత్తగారు వంటింట్లోకి వచ్చారు.

బంగాళాదుంపల తొక్క తియ్యమంటే, దుంపకీ తొక్కకీ ఏ నిష్పత్తి ఉండాలో అడిగారు. ముక్కలన్నీ ఒకే కొలతలో రావడానికి స్కేలు తెప్పించుకున్నారు. పన్నెండింటికి తినవలసిన అన్నం మూడింటికి తిన్నాం. నాకు తల పగిలిపోతోంది. రెండోరోజు పొయ్యి దగ్గర నిలబడి, నల్లకళ్ళజోడు నా వైపు తిప్పి, మెల్లిగా అడిగారు.

"అమ్మాయ్, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందే?"

ఆ ప్రశ్న కోసం పాతికేళ్ళు ఎదురుచూశాను. తీరా విన్నాక ఏమీ బాగాలేదు.

*

మూడోరోజు మేడమీదకెళ్ళి తలుపు వేసుకున్నాను. గొళ్ళెం కూడా పెట్టాను. కుర్చీలో కూర్చున్నాను. లేచి కిటికీ తీశాను. మళ్ళీ కూర్చున్నాను. ఏడేళ్ళ కోరిక తీరడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

చేతికి ఏదో పని ఉండాలిగా, సర్దుకుందామని కింద నుంచి సొరుగు సామాను కొంత తెచ్చుకున్నాను. అందులో ఆ కవరుంది. పారెయ్యమన్నారు. నా చేతికొచ్చినదాన్ని నేను పారేస్తానా? చించి చదివాను.

'పదిహేడో తారీఖు. ఉదయం ఎనిమిదికీ సాయంత్రం నాలుక్కీ మధ్య.'

మా ప్లంబరు కూడా సరిగ్గా ఇలాగే చెబుతాడని నవ్వుకున్నాను. ఆ నవ్వు అలాగే ఉండగా నోటుబుక్కు తీసి పదిహేడో తారీఖు పేజీ తిప్పాను. పది దాకా సిరా. మూడు నుంచి మళ్ళీ సిరా. మధ్యలో ఉన్నదంతా పెన్సిలు.

ఆవిడ మూడుసార్లు చదివించుకున్నవి నా అంకెలు.

వెంటనే వెళ్ళి చెప్పానంటే నేను చాలా మంచిదాన్నని మీరనుకుంటారు. ఒక పూట ఆలోచించాను. అబద్ధమెందుకు, రెండు పూటలు ఆలోచించాను. అది నిజంగా కుదుపే అయి ఉండవచ్చు. అనవసరంగా పెద్దావిడకి ఆశపెట్టడం తప్పు కూడా. తలుపు వేసుకుని కూర్చుంటే ఇలాంటి ధర్మసూక్ష్మాలు బాగా తడతాయి. భోజనాలప్పుడు మా ఆయన్ని వంటింటి వారగా ఆపి అడిగాను.

"ఏవండీ, ఒక వస్తువు మన చేతికొచ్చింది. న్యాయంగా మనది కాదేమోనని అనుమానం. ఏం చెయ్యాలి?"

"ఏ వస్తువు?"

"తలుపు."

ఆయన తల ఊపారు. ఈయన్ని అడిగిన నాకు బుద్ధి లేదు.

అత్తగారు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు. చారు వడ్డిస్తూ అనేశాను.

"అత్తయ్యా, పదిహేడో తారీఖున ఐదు గంటల అంకెలు నేను రాసినవి."

"నువ్వు రాయక ఇంకెవరు రాస్తారు?"

"అది కాదు. అక్కడ గుంపు కింద పడింది. మీకు చెప్పకుండా తీసేశాను. ఖాళీ బాగాలేదని నింపాను."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"దేంతో నింపావ్?"

"సగటుతో."

ఇంక ఆకాశం విరిగి నా నెత్తిన పడుతుందని భుజాలు బిగించుకుని నిలబడ్డాను. ఆవిడ గొంతు మాత్రం చాలా చిన్నగా వచ్చింది.

"అసలు అంకెలు పారేశావా?"

"ఈ ఇంట్లో నేనెప్పుడైనా ఏదైనా పారేశానా అత్తయ్యా?"

ఆవిడ ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. నా భుజం పట్టుకుని, మెట్టుమెట్టుకీ "పద, పద" అంటూ నన్నే తోసుకుంటూ మేడెక్కారు. 'పనికొస్తాయేమో' తెరిచాను. అడుగున ముప్పై ఒక్క చుక్కలు, ఎత్తేసినవి ఎత్తేసినట్టే ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను. చారు మెతుకులంటిన వేలు మెల్లిగా కిందికి దిగింది. దిగి, నేల మీద నడిచినట్టు సమంగా చాలాసేపు నడిచింది. ఇరవై ఏడో చుక్క దగ్గర వేలు లేవడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటికి మొదటి ఎత్తుకి వచ్చి నిలబడింది.

"ఎంత లోతు?"

"నూటికి ఒకటీ పాతిక."

"రెండేళ్ళ కిందటా అంతే" అన్నారు. "కుదుపుకి ఇంత ఓపిక ఉండదే."

*

డైరెక్టరు మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఇరవై రోజులూ మా ఇంట్లో బట్టలూ ఆరలేదు, ఫోనూ చల్లారలేదు. గ్రహం నక్షత్రాన్ని ఎంత గుంజుతోందో చూసి బరువు కడతారట. కట్టారు. ఒళ్ళు చూస్తే గురుగ్రహమంత. బరువు చూస్తే అందులో ఇరవయ్యో వంతు కూడా తేలలేదు.

"ఇంతేనా!" అన్నాను.

"పుట్టిన వేడి ఇంకా తగ్గలేదే. వాపు చూసి బలుపనుకోకూడదు. వందకోట్ల ఏళ్ళు పోతే చిక్కిపోతుంది" అన్నారు, బాలింతకి నచ్చజెబుతున్నట్టు.

చివరి వానలు పడుతున్న వారం డైరెక్టరు వ్యాసం చిత్తుప్రతి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బట్టతల, చేతిలో తడిసిన గొడుగు, పరీక్ష తప్పిన కుర్రాడి ముఖం. ఒక పేజీ మడతపెట్టి తెచ్చాడు.

"అంతా బాగుంది మేడమ్. ఈ ఒక్క వాక్యం తీసేద్దాం."

"చదువు."

"'మూడో పల్లానికి చెందిన ముప్పై ఒక్క చుక్కలను మా కోడలు పొరపాటున తొలగించింది, అయితే పారవేయలేదు.'"

టీ కప్పులు కింద పెట్టేశాను. "తీసెయ్యండి బాబూ! ప్రపంచమంతా చదువుతుంది!"

"అందుకే ఉండాలి" అన్నారు అత్తగారు. "ఇరవై ఏళ్ళ కిందట నేనూ కొన్ని చుక్కలు తీశాను. నా గ్రహానికి అడ్డొస్తున్నాయని తీశాను. నేను పారేశాను."

డైరెక్టరు గొడుగుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి అతనికి అప్పుడే తెలుసనీ, ఇరవై ఏళ్ళుగా ఎవరితోనూ అనలేదనీ నాకు అనిపించింది. వాక్యం అలాగే ఉండిపోయింది. మా చుట్టాలెవరికీ వ్యాసం అర్థం కాలేదు గానీ, ఆ ఒక్క వాక్యం మాత్రం అందరికీ అర్థమైంది. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా "మా వస్తువులు జాగ్రత్తమ్మా, తీసేయగలవు" అంటారు.

పందెం పందెమే కాబట్టి గది మళ్ళీ ఆవిడదైంది. వారం తిరక్కుండానే ఇంకో పసినక్షత్రం లెక్కలు వచ్చిపడ్డాయి. ఆవిడ కళ్ళిప్పుడు శుభ్రంగా కనిపిస్తున్నాయి. అయినా మెట్ల మీద నుంచి కేక.

"ఏమే, అంకెలు చదువుదువుగాని రా!"

"మీకు కనబడుతున్నాయిగా?"

"కనబడితే చాలదే. నేను పారేస్తాను."

ఒక షరతు మీద ఒప్పుకున్నాను. పొద్దున్నంతా గది ఆవిడది. రెండు నుంచి నాలుగు వరకూ నాది. ఆవిడ గొణిగారు, సణిగారు, కళ్ళజోడు లేని కళ్ళతో నన్ను నిలువునా చూశారు. మా ఆయన తల ఊపారు.

నిన్న మూడూ యాభైకి తలుపు మీద టకటకమని చప్పుడైంది. ఈ ఇంట్లో నేనున్న గది తలుపు ఎవరైనా కొట్టడం అదే మొదలు.

"అమ్మాయ్, అయిందా?"

"ఇంకా పది నిమిషాలుంది అత్తయ్యా."

"ఏం చేస్తున్నావే లోపల?"

"పని."

ఆవిడ మెట్ల మీద కూర్చున్న అలికిడి వినబడింది. నేను కిటికీలోంచి ఎండలో ఆరుతున్న దుప్పట్లకేసి చూస్తూ కాళ్ళు బార్లా చాపుకున్నాను. పనీ లేదు, పాడూ లేదు. తలుపు వేసుకున్నాను. అంతే.